నల్లకోట్లు స్వాతంత్ర్యం తెచ్చాయా? ఆగస్టు 15 ప్రసంగానికి సాయం కావాలి

జూనియర్_నల్లకోటు · ఆగస్టు 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చిన్న ఊరు, రెండు కోర్టులున్న బార్. ఈసారి జెండా పండగకి "స్వాతంత్ర్య సమరంలో న్యాయవాదుల పాత్ర" మీద పది నిమిషాలు మాట్లాడమని మా ప్రెసిడెంటు గారు నా నెత్తిన పెట్టారు. ప్రతి ఏడూ ఎవరో ఒక జూనియర్ బలి. గాంధీ లాయరు, నెహ్రూ లాయరు, పటేల్ లాయరు, రాజేంద్రప్రసాద్ లాయరు, మన ప్రకాశం పంతులు లాయరు, కాబట్టి మనమంతా గొప్పవాళ్లం, జైహింద్, టిఫిన్. పోయినేడు చెప్పింది ఇదే, అంతకు ముందేడూ ఇదే.

నాకు అలా చదవబుద్ధి కావడం లేదు. కారణం మొన్న కోర్టు వరండాలో జరిగింది. పంపకాల దావాలో మా కక్షిదారు ఒక పెద్దాయన, వాళ్ల నాన్న వేసిన కేసు అది. వాయిదా పడ్డాక బెంచీ మీద కూర్చుని అడిగాడు: "బాబూ, ఈ కోర్టు తెల్లోడు పెట్టిందే గదా. ఆడు పోయినా ఇది పోలేదేం?" నవ్వేసి టీ తాగించాను కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

నా ప్రశ్న ఇదీ. ఆ కాలపు వకీళ్లు తెల్లవాడి కోర్టు మీద బతికినవాళ్లా, ఆ కోర్టుతోనే వాణ్ణి కొట్టినవాళ్లా? వికీపీడియా లింకులు వద్దు. తెలిసింది చెప్పండి.

---

గ్రూప్స్_దండయాత్ర · ఆగస్టు 2, రాత్రి 9:58

బ్రో, కారణాలు సింపుల్. ఇంగ్లీషు చదువు, సర్కారు జీతం కాని సొంత సంపాదన, నలుగురిలో మాట్లాడే అలవాటు, ఊళ్లో పలుకుబడి. సర్కారు ఉద్యోగి నోరెత్తితే ఉద్యోగం ఊడుతుంది, వకీలుకి ఆ భయం తక్కువ. పదిహేను మార్కుల ప్రశ్న, నేను రెండుసార్లు రాశాను.

---

గోదారిగట్టు · ఆగస్టు 3, ఉదయం 6:15

మార్కుల బాబుకి ముందుగా ఒక మాట: అందులో తప్పు లేదు గానీ మనుషులు కూడా లేరు. జూనియర్ గారూ, మీరు ప్రకాశం గారి పేరు జాబితాలో మూడు మాటల్లో తేల్చేశారు. కాస్త ఆగి చూడండి.

ఒంగోలులో తల్లి పూటకూళ్లు నడిపి పెంచిన పిల్లాడు ఆయన. ప్లీడరు పరీక్ష ప్యాసై మా రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు. అప్పట్లో వకీళ్లలో కూడా కులాల్లాగా మెట్లుండేవి. కింద సెకండ్ గ్రేడ్ ప్లీడరు, ఆ పైన ఫస్ట్ గ్రేడ్, ఆ పైన హైకోర్టు వకీలు, అందరి నెత్తినా ఇంగ్లండులో డిన్నర్లు తిని వచ్చిన బారిష్టరు. ప్రకాశం గారు మొదలైంది అన్నిటికన్నా కింది మెట్టు మీద. ఎంత సంపాదించినా, మునిసిపల్ చైర్మన్ గిరీ చేసినా, పెద్ద కోర్టులో నిలబడి వాదించే హక్కు లేదు. ఆ గీత దాటడానికే ఇంగ్లండు వెళ్లి బారిష్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. కలకత్తాలో అయితే హైకోర్టు ఒరిజినల్ సైడు (దావాలు నేరుగా అక్కడే వేసే విభాగం) మొత్తం బారిష్టర్ల జాగీరే, వకీలుని గడప తొక్కనిచ్చేవారు కాదు.

నా ఉద్దేశంలో సంగతి అక్కడుంది. "చట్టం ముందు అందరూ సమానం" అని పుస్తకంలో చదివి, పరీక్ష రాసి, ఆ పుస్తకం రాసినవాడి కోర్టులోనే రెండో రకం మనిషిగా నిలబడాల్సి వస్తే ఎలా ఉంటుంది? కడుపు నిండినవాడికి ఆ మంట వేరేగా ఉంటుంది. ఆకలి మంట కన్నా ఎక్కువని అనను, వేరే అంటున్నా.

1921లో ఆయన ఆ ప్రాక్టీసు వదిలేశారు. సంపాదించిందంతా "స్వరాజ్య" పత్రికలో పోశారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం, మూడు భాషల్లో. మిగిలింది అప్పులే. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపిన కథ మీకు తెలుసు, అది మళ్లీ చెప్పను. అది చెప్పి టిఫిన్‌కి వెళ్లిపోవడం తేలిక.

---

పాలమూరోడు · ఆగస్టు 3, ఉదయం 10:22

మాస్టారూ, మంచిగ చెప్పిన్రు. కానీ మీ ముచ్చటంతా మద్రాసు దిక్కే ఉంటది. మా దిక్కు తెల్లోడి కోర్టే లేదు, నిజాం కోర్టు. వకాలత్ పరీక్ష ఉర్దూల, వాదన ఉర్దూల. కక్షిదారుకి తెలుగు తప్ప ముక్క రాదు. వాడి భూమి పోతుందో ఉంటుందో వాడి ముంగటే మాట్లాడుతుంటరు, వాడు మాత్రం గోడలు చూసుకుంట నిలబడాలె.

1921 నవంబరు 12న హైదరాబాదుల సంఘ సంస్కరణ సభ జరిగింది. పూణె నుంచి కార్వే గారు అధ్యక్షుడు. ఇంగ్లీషుల, ఉర్దూల, మరాఠీల అందరూ మాట్లాడిన్రు. ఆలంపల్లి వెంకటరామారావు గారని వకీలు, లేచి తెలుగుల మొదలువెట్టిండు. సభల గోల. ఈలలు, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టిన్రు. ఆ రాత్రే కొందరు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నరు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు, వీళ్లంతా వకీళ్లే. తొమ్మిదేండ్లకు జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ, దానికి అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆయన చదువు కూడా బీ.ఎల్.

అంటే మా దగ్గర వకీళ్ల పోరాటం కోర్టుతోని కాదు, భాషతోని మొదలైంది. రోజంతా ఉర్దూల వాదించి బతికేటోళ్లు సాయంత్రం తెలుగు గ్రంథాలయం నడిపిన్రు. కానీ ఇంకో మాట కూడా చెప్పాలె. వాళ్లు అర్జీల దగ్గరే ఆగిన్రు. వెట్టి మీద తీర్మానాలు రాసిన్రు, విన్నపాలు పెట్టిన్రు. 1944ల భువనగిరి సభ నాటికి మహాసభ పగ్గం కమ్యూనిస్టు రావి నారాయణరెడ్డి గారోళ్ల చేతికి పోయింది. ఆ తర్వాత ఊళ్లల్ల జరిగింది అర్జీ భాష కాదు.

---

జూనియర్_నల్లకోటు · ఆగస్టు 3, మధ్యాహ్నం 1:35

పాలమూరన్నా, ఆ 12 నవంబరు సంగతి నిజంగా నాకు తెలీదు. థాంక్స్.

లంచ్‌లో మా సీనియర్ గారిని కదిపితే ఒక కథ చెప్పారు. 1897లో తిలక్ మీద రాజద్రోహం కేసు పెట్టినప్పుడు ఆయనకి బెయిల్ ఇప్పించిన బారిష్టరు దిన్‌షా దావర్. పదకొండేళ్ల తర్వాత, 1908లో, అదే తిలక్ మీద మళ్లీ అదే సెక్షన్, 124ఎ. ఈసారి దావర్ జడ్జి. తిలక్ తరఫున బెయిల్ అడిగింది యువ బారిష్టరు జిన్నా. దావర్ తాను ఒకప్పుడు వాదించిన వాదననే తోసిపుచ్చాడు. బెయిల్ లేదు. తిలక్ సొంతంగా రోజుల తరబడి వాదించుకున్నాడు. చివరికి ఆరేళ్లు, మాండలే.

అదే జిన్నా 1916లో తిలక్ మీద వచ్చిన మరో కేసులో నిలబడి బొంబాయి హైకోర్టులో గెలిచాడు.

"బార్‌లో ఉన్నప్పుడు ఒక మనిషి, బెంచి ఎక్కాక ఇంకో మనిషి. ఇది అప్పుడూ ఉంది" అని సీనియర్ గారు ఇడ్లీ తింటూ అన్నారు. ఇది ప్రసంగంలో పెడితే మా జడ్జిగారు ముందు వరసలో ఉంటారు. పెట్టాలా వద్దా?

---

గ్రూప్స్_దండయాత్ర · ఆగస్టు 3, మధ్యాహ్నం 1:50

పెట్టు బ్రో. తర్వాత నీ వాయిదాలు చూసుకో 😄

---

చింతపల్లి_కాఫీ · ఆగస్టు 3, రాత్రి 8:11

ఇంతమంది ఇన్ని కోర్టుల గురించి రాశారు. మా కొండల్లో కోర్టు ఎలా ఉండేదో ఎవరికైనా తెలుసా?

1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తీసేశారు. కలెక్టరే గవర్నరు ఏజెంటు. పాలించేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయన కింది వాళ్లే. ముఠాదారు (కొన్ని కొండ ఊళ్లమీద పెత్తందారు) కాళ్లు పట్టుకోవాలి, లేదా తహసీల్దారు కాళ్లు. రోడ్డు పనికి కూలి ఎగ్గొడితే ఎవరి మీద ఎక్కడ దావా వేస్తారు?

1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. ఆ తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1924 మే 7న ఆయన్ని పట్టుకుని కొయ్యూరు దగ్గర కాల్చేశారు. చార్జిషీటు లేదు, వకాల్తా లేదు, ఆఖరి మాట అడగలేదు. అదే గాంధీ గారికి రెండేళ్ల ముందు అహ్మదాబాదులో మర్యాదగా విచారణ జరిగింది, జడ్జి తల వంచి నమస్కారం పెట్టాడు.

నేను గాంధీ గారిని తక్కువ చెయ్యడం లేదు. వకీలు అడుగు పెట్టిన చోట పోరాటం ఒక రకంగా నడిచింది, వకీలు అడుగు పెట్టని చోట ఇంకో రకంగా నడిచింది. మీ ప్రసంగంలో ఈ రెండో చోటు ఉంటుందా తమ్ముడూ?

---

గోదారిగట్టు · ఆగస్టు 4, ఉదయం 5:50

కాఫీ గారు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి గుర్తొచ్చింది. 1919లో రౌలట్ చట్టం వచ్చినప్పుడు ఉత్తరాదిన జనం నోట నలిగిన నినాదం: "నా వకీల్, నా దలీల్, నా అపీల్". వకీలు లేడు, వాదన లేదు, అప్పీలు లేదు అని. పంజాబులో చదువురాని రైతు కూడా ఈ మూడు మాటలు పట్టుకున్నాడంటే అప్పటికి వకీలు అనేవాడు జనం లెక్కలోకి ఒక హక్కుగా వచ్చేశాడన్నమాట. మైదానంలో ఆ హక్కు లాక్కుంటే గొడవైంది. కొండ మీద ఎనభై ఏళ్లుగా మామూలు కోర్టే లేదు, మద్రాసులో ఎవరికీ గొంతులో ముద్ద అడ్డుపడలేదు.

భగత్ సింగ్ కేసులోనూ అంతే. 1930 మే 1న ప్రత్యేకంగా ఆర్డినెన్సు తెచ్చి ముగ్గురు జడ్జీల ట్రిబ్యునల్ పెట్టారు. ముద్దాయిలు లేకుండానే విచారణ, హైకోర్టుకి అప్పీలు లేదు. తెల్ల దొరలకు తమ చట్టం తమకే అడ్డమైనప్పుడు తీసి పక్కన పెట్టడం ఎంత తేలికో చూడండి.

---

చవదార్_నీళ్లు · ఆగస్టు 4, ఉదయం 11:05

నేను కొంచెం వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

1920లో కాంగ్రెసు నాగపూరులో కోర్టుల బహిష్కారం అంది. తగాదాలు ఊరి పంచాయతీలో తీర్చుకోమంది. వినడానికి బాగుంటుంది. ఆ పంచాయతీలో కూర్చునేది ఎవరు? మా తాతల్ని రచ్చబండ దగ్గరికే రానివ్వని వాళ్లు. తెల్లవాడి కోర్టులో జవాను మా పేరు పిలిచేవాడు, కనీసం గుమ్మం దాకా వెళ్లేవాళ్లం. రచ్చబండ దగ్గర పేరు పెట్టి పిలిచే దిక్కు కూడా లేదు.

అంబేడ్కర్ బారిష్టరై బొంబాయిలో ప్రాక్టీసు పెట్టింది 1923లో. నలుగురూ కోర్టులు వదలండి అన్న రోజుల వెనకే ఆయన కోర్టులోకి వచ్చాడు. 1927లో మహద్‌లో, దళితుల్ని ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లు వాళ్లతో కలిసి తాగారు. సవర్ణులు సివిల్ కోర్టుకెళ్లారు, ఇది మా సొంత చెరువు అని. ఆ కేసు పదేళ్లు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు అంబేడ్కర్ పక్షానికి వచ్చింది. నా పేరు అక్కణ్ణుంచే తీసుకున్నాను.

కాబట్టి "ప్రాక్టీసు వదిలినవాడు త్యాగి, వదలనివాడు ద్రోహి" అనే లెక్క నాకు నచ్చదు. వదలడానికి ముందు చేతిలో ఉండాలి కదా.

---

గ్రూప్స్_దండయాత్ర · ఆగస్టు 4, ఉదయం 11:20

అంటే బ్రిటిష్ కోర్టులు మంచివంటారా అక్కా? అవి నడిచింది జమీందార్ల కోసమే కదా. 1802 పర్మనెంట్ సెటిల్‌మెంటు, ఆ తర్వాత వందేళ్లు ఎస్టేటు దావాలు. వకీళ్ల మేడలు లేచింది వాటి మీదే.

---

చవదార్_నీళ్లు · ఆగస్టు 4, ఉదయం 11:41

మంచివని నేనెక్కడన్నాను తమ్ముడూ? దొరికిన కర్ర అది, అంటున్నాను. కర్ర ఎవరు చెక్కారో తర్వాత చూద్దాం, ముందు కుక్కని తరమాలిగా.

---

మోడరేటర్ · ఆగస్టు 4, మధ్యాహ్నం 12:10

ఇక్కడ రెండు పోస్టులు తీసేశాను. కులం పేరెత్తి వెటకారం చేస్తే దారం మూసేస్తాను. మిగతావాళ్లు కొనసాగించండి, బాగుంది.

---

డబ్లిన్_చలి · ఆగస్టు 5, తెల్లవారుజాము 3:30 (మాకు ఇంకా రాత్రే)

ఈ దారం చూసి ఆగలేకపోయా. నేనుండే ఊళ్లో కింగ్స్ ఇన్స్ అని బారిష్టర్లు తయారయ్యే చోటుంది. ఆదివారం నడకకి వెళ్తే ఆ పచ్చిక మీద కూర్చుంటాను. వందేళ్ల కింద ఇద్దరు తెలుగువాళ్లు లా చదవడానికి ఈ ఊరొచ్చారు. ఒకరు బరంపురం నుంచి వచ్చిన వి.వి. గిరి గారు, ఇంకొకరు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు. ఇద్దరూ ఇక్కడున్న కాలంలో ఊరు ఉడికిపోతోంది. 1916 ఈస్టర్ తిరుగుబాటు ఏడాదే గిరి గారు ఇల్లు చేరారు. 1920 దశకం మొదలయ్యేసరికి ఇద్దరూ ప్రాక్టీసు వదిలేశారు. ఉన్నవ గారు పల్నాడు అడవి సత్యాగ్రహం వ్యవహారంలో జైలుకెళ్లి అక్కడే "మాలపల్లి" రాశారు. చవదార్ గారూ, ప్రాక్టీసు వదిలిన ఆ బారిష్టరు నవలకి ఎంచుకున్న వాడ ఏదో చూడండి.

ఇక్కడి తమాషా చెప్తాను. ఈస్టర్ తిరుగుబాటు నాయకుడు, తుపాకీ గుండ్లకి బలైన పాట్రిక్ పియర్స్ కూడా బారిష్టరే. కోర్టులో వాదించింది ఒక్కటే కేసు, 1905లో. ఏం కేసు అనుకుంటున్నారు? డోనెగల్‌లో ఒకాయన తన బండి మీద పేరు ఐరిష్ లిపిలో రాయించుకున్నాడు. చదవడానికి వీల్లేదని జరిమానా వేశారు. పియర్స్ వాదించి ఓడిపోయాడు. పాలమూరన్న చెప్పిన తెలుగు సభ గోలకి ఇది అన్నదమ్ముల కథలా లేదూ?

ఇంకోటి. 1920లో మనవాళ్లు కోర్టులు బహిష్కరించి పంచాయతీలు అన్నప్పుడే, ఇక్కడివాళ్లు కూడా తమ సొంత కోర్టులు పెట్టారు, డాయిల్ కోర్టులని. జనం నిజంగానే వాటికి వెళ్లారు. మనవి ఎందుకు నిలవలేదో వీళ్లవి కొంతకాలమైనా ఎందుకు నిలిచాయో నాకు ఒక అనుమానం ఉంది. ఇక్కడ తీర్పు అమలు చెయ్యడానికి వెనక ఒక సైన్యం ఉంది. మనకి రాట్నం ఉంది.

---

పాలమూరోడు · ఆగస్టు 5, ఉదయం 9:02

డబ్లిన్ అన్నా, ఆఖరి లైను కొట్టినవ్ 😀 బండి కథ మా తాతకి చెప్తా.

సైన్యం అంటే గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంల ఉరిశిక్షలు పడ్డోళ్ల కోసం 1950 తర్వాత సుప్రీంకోర్టుల వాదించనీకి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చిండు. తెల్లదొర, ఎర్రజెండా మనిషి. కోర్టుల ఆ కేసు నిలబడలే గానీ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవమైనయ్. ఆయనే 1952ల కెన్యాకు పోయి కపెంగూరియాల జోమో కెన్యాటా కోసం నిలబడ్డడు. అక్కడ పక్కన నిలబడ్డోళ్లల్ల మన దేశం నుంచి దివాన్ చమన్‌లాల్, నైజీరియా వకీలు, జమైకా వకీలు కూడా ఉన్నరు. తీర్పు ముందే రాసిపెట్టినట్టు ఏడేండ్లు. పదేండ్లు దాటినంక ఆ ముద్దాయే ఆ దేశానికి ప్రధానమంత్రి.

---

జూనియర్_నల్లకోటు · ఆగస్టు 6, రాత్రి 10:15

నా నోట్సు ఇప్పుడు పది నిమిషాలు కాదు, రెండు గంటలకి సరిపోతుంది.

వదిలినవాళ్లు, వదలనివాళ్లు అనే రెండు గుంపులే కాదు, మూడోది కూడా ఉందని ఇవాళ అర్థమైంది. వదిలి, అవసరానికి మళ్లీ తొడుక్కున్నవాళ్లు.

చౌరీచౌరా. 1922 ఫిబ్రవరి 4న పోలీసు స్టేషను తగలబడింది. గాంధీ గారు ఉద్యమమే ఆపేశారు. పట్టుబడ్డ జనాన్ని ఎవరు చూడాలి? గోరఖ్‌పూరు సెషన్స్ కోర్టు 172 మందికి ఉరి వేసింది. ఒక్క తీర్పులో 172! ప్రాక్టీసు ఎప్పుడో మానేసిన మదన్ మోహన్ మాలవీయ మళ్లీ గౌను వేసుకుని అలహాబాదు హైకోర్టుకెళ్లారు. 1923లో హైకోర్టు 19 ఉరిశిక్షలు ఉంచి మిగతావాళ్లని తప్పించింది. 19 మంది ప్రాణాలు పోయాయి, అది చిన్నది కాదు. కానీ మిగతా 150 పైచిలుకు కుటుంబాలకి ఆ గౌను ఏమిటో వాళ్లనే అడగాలి.

రెండోది ఎర్రకోట. 1945 నవంబరు 5న ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షానవాజ్, సహగల్, ధిల్లాన్‌ల మీద సైనిక కోర్టు. నెహ్రూ ఇరవై ఏళ్లు దాటాక బారిష్టరు గౌను తొడిగి కూర్చున్నాడు. ఫొటో అందరూ చూసిందే. కానీ అసలు వాదన భూలాభాయ్ దేశాయ్‌ది, అప్పటికే ఒంట్లో బాగాలేని మనిషి. పరాధీనంలో ఉన్న జాతికి స్వేచ్ఛ కోసం యుద్ధం చేసే హక్కు అంతర్జాతీయ న్యాయంలో ఉంది, కాబట్టి వీళ్లు ద్రోహులు కారు, యుద్ధం చేసిన సైనికులు అని వాదించాడు. తెల్లవాడి కోటలో, తెల్లవాడి సైనిక కోర్టులో. శిక్ష పడింది, కానీ 1946 జనవరి మొదటి వారంలోనే సేనాపతి ఆకిన్‌లెక్ దాన్ని మాఫీ చెయ్యాల్సి వచ్చింది. దేశాయ్ ఆ ఏడు మేలోనే పోయాడు.

ఈ దేశాయే 1928లో బార్డోలీ రైతుల తరఫున విచారణ కమిటీ ముందు వాదించాడు. 22 శాతం పెంచిన శిస్తు 6 శాతం చిల్లరకి దిగింది. ఆ కమిటీలో కూర్చున్నది ఎవరో తెలుసా? బ్రూమ్‌ఫీల్డ్. 1922లో గాంధీ గారికి తల వంచి ఆరేళ్లు వేసిన ఆ జడ్జే.

ఆ 1922 కేసులో వృత్తి ఏమిటని రాసే చోట గాంధీ గారు చెప్పింది "వ్యవసాయం, నేత" అని. బారిష్టరు అని కాదు. ఆ ఏడే లండన్‌లో ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు కొట్టేసింది. మళ్లీ చేర్చింది 1988లో.

---

గ్రూప్స్_దండయాత్ర · ఆగస్టు 6, రాత్రి 10:31

అయితే అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌ని ఏ గుంపులో వేస్తావ్? నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టాడు. 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వొకేట్ జనరల్. ఉప్పు సత్యాగ్రహం అప్పుడూ సర్కారు వకీలే, క్విట్ ఇండియా అప్పుడూ సర్కారు వకీలే. సర్ బిరుదు కూడా. ఆ తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్నాడు.

---

గోదారిగట్టు · ఆగస్టు 7, ఉదయం 6:05

మార్కుల బాబూ, ఇది మంచి ప్రశ్న. నా మనసులో మాట చెప్తాను, తప్పయితే తిట్టండి.

అల్లాడి వారి పక్కన మా కాకినాడ బులుసు సాంబమూర్తి గారిని నిలబెట్టండి. ప్రాక్టీసు వదిలి, పై బట్ట కూడా వదిలి, అంగవస్త్రంతో తిరిగిన మనిషి. 1923లో కాకినాడ కాంగ్రెసుకి ఏర్పాట్లు చేస్తుండగా చేతికందిన కొడుకు పోయాడు. మహాసభ పని ఆపలేదు. తర్వాత మద్రాసు శాసనసభకి స్పీకరయ్యారు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచింది ఆయన ఇంట్లోనే.

ఇద్దరిలో నేను దణ్ణం పెట్టేది సాంబమూర్తి గారికే. కానీ రాజ్యాంగం రాసేటప్పుడు పక్కన ఎవరు కావాలంటే అల్లాడి వారు కావాలి. దణ్ణం ఒకరికి, పని ఒకరితో. ఆ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు అంబేడ్కర్ కదా, చవదార్ గారు చెప్పిన వదలని మనిషి. బాగా ఆలోచిస్తే నాకే చిరాకుగా ఉంది గానీ అంతకంటే నిజాయితీగా చెప్పలేను.

---

ఇనప్పెట్టె · ఆగస్టు 8, రాత్రి 11:48

ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. మీరంతా వకీళ్ల గురించి రాస్తున్నారు. మా ముత్తాత వకీలు గుమాస్తా. కృష్ణా జిల్లాలో ఒక ఊరు.

అమ్మ వాళ్లింట్లో ఆయన ఇనప్పెట్టె ఉంది. నిన్న తీశాను. పైన రాజు బొమ్మ స్టాంపులున్న పాత వకాల్తా కాగితాలు, వెండిచేప మేసేసిన అంచులు. అడుగున ఎర్ర గుడ్డ అట్ట చిట్టా. రాత ముత్యాల్లా ఉంటుంది. కోర్టు ఫీజు స్టాంపు రూ. 7-8-0 (రూపాయలు, అణాలు, పైల లెక్క). నకళ్లకి 0-12-0. జట్కా 0-4-0. "అయ్యగారికి సోడా" 0-1-0.

1921 మార్చి ఆఖర్న ఒక లైను: "అయ్యగారితో బెజవాడ ప్రయాణం." ఆ రోజుల్లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ సమావేశం, గాంధీ గారొచ్చారు. కోటి రూపాయల నిధి, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానం చేసింది అక్కడే. తిరిగొచ్చాక మూడు రోజులు ఖాళీ పేజీలు. నాలుగో రోజు: "అయ్యగారు వకాల్తాలు వాపసు ఇచ్చిరి." అంతే. ఇంకేం రాయలేదు.

తర్వాత పేజీ నుంచి కోర్టు ఖర్చులు లేవు. బియ్యం, కిరసనాయిలు, పెద్దమ్మాయికి గౌను గుడ్డ.

ప్రాక్టీసు వదిలిన వకీళ్ల పోషణకి జమ్నాలాల్ బజాజ్ లక్ష రూపాయలు ఇచ్చారని చదివాను. గుమాస్తాల మాట ఎక్కడా కనపడలేదు. అమ్మమ్మ చెప్పేది, ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని చివరికి ఎదురింటి వకీలు దగ్గర సగం జీతానికి చేరాడట. ఆ వకీలు ప్రాక్టీసు వదల్లేదు. అయ్యగారి కేసులన్నీ ఆయన ఇంటికే నడిచొచ్చాయి మరి. పొద్దున అక్కడ కాగితాలు మోసేవాడు, సాయంత్రం ఇంటికొచ్చి రాట్నం తిప్పేవాడు.

---

జూనియర్_నల్లకోటు · ఆగస్టు 9, ఉదయం 7:20

ఇనప్పెట్టె గారూ, పొద్దున్నే చదివి మా గుమాస్తా గారి ముఖం చూడలేకపోయాను. ముప్పై ఏళ్లుగా మా ఆఫీసులో ఉన్నాడు, ఆయన జీతం ఎంతో నాకు ఇప్పటిదాకా తెలీదు. మీ అనుమతి ఉంటే ఆ చిట్టా సంగతి చెప్తాను, పేర్లు లేకుండా.

---

ఇనప్పెట్టె · ఆగస్టు 9, ఉదయం 8:02

చెప్పండి. ఊరి పేరు మాత్రం వద్దు, అయ్యగారి మనవలు అక్కడే ఉన్నారు.

---

జూనియర్_నల్లకోటు · ఆగస్టు 16, రాత్రి 9:10

నిన్న అయిపోయింది. పద్నాలుగు నిమిషాలు పట్టింది. దావర్ కథ చెప్పాను, జడ్జిగారు నవ్వారు (ఏ నవ్వో తెలీదు). అల్లూరి గురించి, కొండల్లో లేని కోర్టు గురించి చెప్పినప్పుడు వెనక కుర్చీల్లో కూర్చున్న ఒక కానిస్టేబులు తలెత్తి చూశాడు. చవదార్ చెరువు చెప్పాను. ఆఖర్న చిట్టా.

దిగాక ప్రెసిడెంటు గారు పక్కకి పిలిచి "అంతా బాగానే ఉంది గానీ, గుమాస్తాల గొడవ ఎందుకయ్యా ఇవాళ, రేపు జీతాలు పెంచమంటారు" అన్నారు. గుమాస్తాలు మాత్రం నన్ను క్యాంటీన్‌కి లాక్కెళ్లారు. మా గుమాస్తా గారు టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

పంపకాల దావా పెద్దాయన కూడా వచ్చాడు, జిలేబీ కోసం. "నువ్వు చెప్పిందంతా ఇన్నాను. నా కేసు ఎప్పుడన్నావ్?" అన్నాడు. సెప్టెంబరు 11కి వాయిదా.

ఇనప్పెట్టె గారూ, టీ దగ్గర ఒక గుమాస్తా అడిగాడు, నాకు తట్టనే లేదు. ప్రాక్టీసు వదిలిన నాటికి అయ్యగారు మీ ముత్తాతకి జీతం బాకీ ఉన్నారా అని.

---

ఇనప్పెట్టె · ఆగస్టు 16, రాత్రి 10:26

ఉంది. ఆ నాలుగో రోజు పేజీ అడుగునే: "రావలసినది రూ. 12-8-0."

వసూలైనట్టు ఎక్కడా లేదు. మీరడిగారని ఇప్పుడు మళ్లీ మొత్తం తిరగేశాను. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఒక లైను దొరికింది: "అయ్యగారు జైలున వుండగా వారింటికి బియ్యము, రూ. 3-0-0." దాని కింద కూడిక వేసి ఉంది.

15-8-0.